ఎడారి ఎండలో స్పిరులినా నీలం: రంగు ఎక్కడ పోతోంది, ఎలా నిలబెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: యూఏఈలోని అల్ ఐన్ దగ్గర ఖర్జూర తోటలో నాలుగు తొట్లు, వాటిలో స్పిరులినా అనే నీలిపచ్చ నాచు. ఒక్కోటి 20 చదరపు మీటర్లు, 15 సెంటీమీటర్ల లోతు నీళ్ళు, అడుగున నల్ల షీటు, పోసేది బోరు నీళ్ళు. నాచు బాగానే పెరుగుతోంది. కానీ ఎండలో ఆరబెట్టిన పొడిని నానబెట్టి నీలం తీస్తే మురికి పచ్చగా దిగుతోంది, దిగిన ఆ కాస్త నీలమూ రెండు మూడు రోజుల్లో వెలిసిపోతోంది. తొట్లకు బదులు నాచును మూసిన గాజు గొట్టాల్లో పెంచే ఫోటోబయోరియాక్టర్ కొంటే బాగుపడుతుందా?

కొనకండి. ఆ గొట్టాల్లో నీళ్ళకు ఆవిరయ్యే దారి ఉండదు. మీ ఎండకు లోపలి నీళ్ళు బయటి గాలి కంటే వేడెక్కుతాయి, వాటిని చల్లబరిచే కరెంటు బిల్లే రంగు ధరను మింగేస్తుంది. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ మీ చోటుకు తీసిపోని ఎడారి. అక్కడ ఎర్త్‌రైజ్ కంపెనీ 1980ల నుంచి స్పిరులినా పెంచుతూ వచ్చింది తెరిచి ఉన్న తొట్లలోనే. మీ తొట్లలో సరిచేయాల్సింది కొంత ఉంది. అయితే నీలంలో ఎక్కువ భాగం పోతున్నది తొట్టిలో కాదు, కోసిన తర్వాత ఎండలో.

ఈ నీలం పేరు ఫైకోసయనిన్. అది రంగు అతుక్కుని ఉన్న ఒక ప్రొటీన్. పాలను ఎంత జాగ్రత్తగా చూస్తామో దీన్నీ అలాగే చూడాలి: వేడికి విరుగుతుంది, పులుపుకి విరుగుతుంది, బయట వదిలేస్తే పాడవుతుంది. నీళ్ళలో కరిగి ఉన్నప్పుడు 45 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఆ పైన ప్రతి డిగ్రీకీ వేగంగా పోతుంది. జూన్‌లో మీ ఎండలో పరిచిన తడి ముద్ద పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. చాద్ సరస్సు ఒడ్డున కనెంబు స్త్రీలు నాచును ఇసుకలో పోసి ఎండబెట్టి దిహే బిళ్ళలు చేస్తారు. వాళ్ళకు కావలసింది తిండి, అందుకు ఆ పద్ధతి భేషుగ్గా సరిపోతుంది. రంగు కావలసినవాడికి అది పనికిరాదు.

తొట్టి సంగతి చూద్దాం. నాచుకు ఈ నీలంతో రెండు పనులున్నాయి. ఒకటి వెలుతురు పట్టుకోవడం, రెండోది నత్రజని దాచుకోవడం. వెలుతురు పుష్కలంగా ఉంటే పట్టుకునే సరంజామా అక్కర్లేదని తగ్గించేస్తుంది. నత్రజని కొరవడితే దాచిన నీలాన్నే కరిగించి తినేస్తుంది. తొట్టి ముదురు నీలిపచ్చ నుంచి పసుపుపచ్చకు తిరిగిందంటే ఈ రెంటిలో ఏదో ఒకటి, చాలాసార్లు రెండూ.

ఎడారిలో నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 2000 మైక్రోమోల్ ఫోటాన్లు (వెలుతురు రేణువులు) పడతాయి. పలచగా ఉన్న నాచుకు అందులో పదో వంతు చాలు. మిగిలింది నష్టమే చేస్తుంది. అందుకే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 50 శాతం షేడ్ నెట్ వెయ్యండి. నల్ల నెట్ వేడిని పీల్చుకుని కిందికి దించుతుంది కాబట్టి తెల్లదో, అల్యూమినియం పూత ఉన్నదో తీసుకోండి. తొట్టికి కనీసం రెండు మీటర్ల ఎత్తున కట్టాలి, పక్కలు మూయకూడదు. పక్కలు మూస్తే గాలి ఆగుతుంది, గాలి ఆగితే తొట్టి ఉడుకుతుంది.

ఎందుకు ఉడుకుతుందో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. వేసవిలో మీ దగ్గర చదరపు మీటరు మీద రోజుకు 25 మెగాజౌళ్ళకు పైగా ఎండ పడుతుంది. లీటరు నీరు ఆవిరైతే 2.4 మెగాజౌళ్ళ వేడి తీసుకుపోతుంది. సగం నీడ వేస్తే లోపలికొచ్చేది 13 చిల్లర. చదరపు మీటరుకు రోజుకు ఐదున్నర లీటర్లు ఆవిరైతే ఆ వేడికి లెక్క సరిపోతుంది. అల్ ఐన్ లాంటి పొడి చోట ఆ మాత్రం ఆవిరి నీడలోనూ లేస్తుంది. మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25 దరిదాపుల్లో చూపిస్తుంది. తొట్టి నీళ్ళు అంత చల్లబడకపోయినా 45 మాత్రం తాకవు, నీడా లోతూ ఉంటే 35 అటూ ఇటూ నిలబడతాయి. అబుదాబి, దుబాయ్ తీరాన ఈ లెక్క కుదరదు. అక్కడ గాలి 38 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతం దాటితే తడి థర్మామీటరు 30 దాటుతుంది, ఆవిరి లేవడం మందగిస్తుంది. తీరం దగ్గర ఫామ్ ఉన్నవాళ్ళు మీ పద్ధతిని చూసి చేస్తే జులై, ఆగస్టుల్లో తొట్లు పోగొట్టుకుంటారు. వాళ్ళు ఆ రెండు నెలలు పెంపకం ఆపి, ఏసీ గదిలో నారు కాపాడుకోవడమే మేలు.

స్పిరులినాకు 35 నుంచి 37 డిగ్రీలు అనుకూలం. 40 దాటి గంటల తరబడి ఉంటే దారాల్లా ఉండే నాచు పోగులు తెగుతాయి, నురగ పడుతుంది, కణాలు పగిలి నీలం నీళ్ళలోకి దిగుతుంది. వేసవిలో 15 సెంటీమీటర్ల లోతు చాలదు, 25కి పెంచండి. నీళ్ళు ఎక్కువుంటే వేడెక్కడం ఆలస్యమవుతుంది, అంతే. నల్ల షీటు మీద తెల్ల షీటు పరిస్తే ఇంకా మంచిది. ఒకేసారి లోతు పెంచి నాచు పలచన చేయకండి, వారం రోజుల్లో మెల్లగా పెంచండి. పలచబడ్డ రోజే ఎండ దెబ్బ తగిలేది.

రాత్రి సంగతి చాలామంది పట్టించుకోరు. నీళ్ళు రాత్రంతా 30 పైనే ఉంటే నాచు పగలు కూడబెట్టిన దానిలో మూడో వంతు దాకా ఊపిరికే ఖర్చు చేస్తుంది. పొద్దు వాలగానే నెట్‌ను పక్కకు లాగి ఆకాశానికి తెరిచిపెట్టండి, పొడి ఎడారిలో రాత్రిపూట వేడి పైకి తేలిగ్గా పోతుంది. నీళ్ళను తిప్పే తెడ్డు చక్రం మాత్రం ఆపకండి. నాచు చిక్కగా, నీళ్ళు వేడిగా ఉండి కదలిక లేకపోతే తెల్లవారేలోపు ఆక్సిజన్ అయిపోయి అడుగున నాచు కుళ్ళుతుంది. పగలు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగం ఉండాలి, రాత్రి సగం చాలు.

చలికాలంలో బెడద వేరే తీరుగా వస్తుంది. జనవరి తెల్లవారుజామున తొట్టి 14, 15 డిగ్రీలకు దిగుతుంది, ఎనిమిదింటికే ఎండ కొడుతుంది. చల్లటి కణం వెలుతురును వాడుకోలేదు, తీసుకున్నది దానికే విషమవుతుంది. నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు 25, 30 మిల్లీగ్రాములు చేరితే ఒక్క ఉదయంలోనే తొట్టి పాలిపోతుంది. నీళ్ళు 20 డిగ్రీలు దాటేదాకా నెట్ ఉంచి, తర్వాత తీసేయండి. అంటే వేసవిలో నెట్ మధ్యాహ్నం కోసం, చలికాలంలో పొద్దుటి కోసం. రాత్రిళ్ళు ప్లాస్టిక్ కప్పితే ఇంకా మేలు.

ఇక బోరు నీళ్ళు. మీ సగం కష్టాలు ఇక్కడున్నాయి. వేసవిలో రోజుకు 6, 7 మిల్లీమీటర్లు ఆవిరైతే ఒక్కో తొట్టికి రోజూ 120 నుంచి 140 లీటర్లు తిరిగి పోయాలి. ఆవిరయ్యేది ఒట్టి నీరు, ఉప్పంతా తొట్టిలోనే మిగులుతుంది. లీటరుకు రెండు గ్రాముల ఉప్పున్న బోరు నీళ్ళు పోస్తుంటే, తొట్టి నిండా పట్టే నీరు ఒకసారి ఆవిరయ్యేసరికి లీటరుకు రెండు గ్రాములు పేరుకుంటుంది. 25 సెంటీమీటర్ల తొట్టికి అది నలభై రోజుల పని. దానికి తోడు ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పీహెచ్ 10 దగ్గర తెల్లటి బురదగా పడిపోతాయి, పోతూ పోతూ ఫాస్ఫేటునూ లాక్కుపోతాయి. వేలితో తొట్టి గోడను రుద్దితే సున్నంలా గరుకు తగులుతుందే, అది మీ ఎరువు డబ్బే. ఆ సున్నం నాచులో కలిసి పొడిలో బూడిద పెంచుతుంది, నీలం తీసేటప్పుడు నీళ్ళను క్షారంగా మారుస్తుంది. కాబట్టి ఆవిరికి బదులు పోసేది ఆర్వో నీళ్ళే అయి ఉండాలి. అదీ తెల్లవారుజామున పొయ్యాలి, మిద్దె మీది ట్యాంకులో మధ్యాహ్నం నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు.

ఎక్కువగా చూసే పొరపాటు ఇంకొకటుంది: ఆవిరైన నీటికి బదులు ఎరువులు కలిపిన కొత్త ద్రావణం పోయడం. ఆవిరికి ఉత్త నీరు. ఎరువు కోసిన నాచు లెక్కన మాత్రమే.

నాచు పెంచే మొదటి ద్రావణానికి అందరూ చెప్పేది 1966లో జారూక్ అనే పరిశోధకుడు ఇచ్చిన సూత్రం. లీటరుకు సోడియం బైకార్బొనేట్ 16.8 గ్రాములు, సోడియం నైట్రేట్ 2.5, డైపొటాషియం ఫాస్ఫేట్ 0.5, పొటాషియం సల్ఫేట్ 1, ఉప్పు 1, ఎప్సమ్ సాల్ట్ 0.2, కాల్షియం క్లోరైడ్ 0.04, ఫెర్రస్ సల్ఫేట్ 0.01, ఈడీటీఏ (ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచేది) 0.08 గ్రాములు, పైన చిటికెడు సూక్ష్మపోషకాలు. ల్యాబ్‌కు అది బాగుంది. ఆవిరి ఇంతగా ఉన్నచోట బైకార్బొనేట్ 12 గ్రాములతో మొదలుపెడితే చాలు, 5000 లీటర్ల తొట్టికి 60 కిలోలు. 8 కంటే తగ్గించకండి. క్షారం పలచనైతే క్లోరెల్లా లాంటి పచ్చ నాచు చొరబడుతుంది. అది గుడ్డలోంచి జారిపోతుంది, కోతకు రాదు, తొట్టిలోనే తిష్ట వేస్తుంది. ఫెర్రస్ సల్ఫేట్‌ను ఈడీటీఏతో విడిగా కరిగించి ఆఖర్న పోయాలి. నేరుగా వేస్తే క్షారానికి తుప్పులా అడుగున పడి నాచుకు దక్కదు.

తర్వాత రోజువారీ మేత. కిలో ఎండు నాచులో 100 నుంచి 110 గ్రాముల నత్రజని ఉంటుంది. కాబట్టి కిలో కోసిన ప్రతిసారీ సోడియం నైట్రేట్ 650 గ్రాములు, లేదంటే పొటాషియం నైట్రేట్ 780 గ్రాములు తిరిగి వెయ్యాలి. దాంతోపాటు మోనోపొటాషియం ఫాస్ఫేట్ 45 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ 30 గ్రాములు, చిలేటెడ్ ఇనుము (ఈడీటీఏ లాంటిదానితో కట్టినది) ఒక గ్రాము ఇనుము వచ్చేంత. సోడియం నైట్రేట్ వాడితే పొటాషియం సల్ఫేట్ 30 గ్రాములు కలపండి. యూరియా చవక, 240 గ్రాములు సరిపోతుందని లెక్క వస్తుంది, ఆశ పడకండి. అది విరిగి అమ్మోనియా అవుతుంది, పీహెచ్ 10 దగ్గర, 35 డిగ్రీల వేడిలో ఆ అమ్మోనియా నాచును చంపేస్తుంది. తొట్టి మీద ముక్కు పెడితే ఘాటు తగిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఎరువులు ఫుడ్ గ్రేడో, కనీసం నీళ్ళలో పూర్తిగా కరిగే డ్రిప్ గ్రేడో ఉండాలి. చవక ఎరువుల్లోని సీసం, ఆర్సెనిక్, కాడ్మియం నేరుగా నాచులోకి పోతాయి.

కార్బన్ కూడా తరుగుతుంది. కిలో నాచుకు దాదాపు 1.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది, పోయిన కొద్దీ పీహెచ్ ఎగబాకుతుంది. 9.8 నుంచి 10.3 మధ్య ఉంచండి. 10.5 చేరితే సిలిండర్ తెరవండి, సన్నటి బుడగల రాయితో, తెడ్డు దాటాక నీళ్ళు లోతుగా ఉన్నచోట వదలండి. 11 దగ్గర పెరుగుదల ఆగిపోతుంది.

రంగు కోసం చేసే పని ఇక్కడ మొదలవుతుంది. నాలుగు తొట్లున్నాయి కనుక రోజుకో తొట్టి కొయ్యండి. నీడలో చదరపు మీటరుకు రోజుకు 7 గ్రాముల పెరుగుదల ఉంటే ఒక తొట్టి నాలుగు రోజుల్లో 560 గ్రాములు పెడుతుంది. చిక్కదనం లీటరుకు 0.6 గ్రాములుంటే అది 930 లీటర్లు వడగట్టే పని, అంటే తొట్టిలో ఐదో వంతు కన్నా తక్కువ. కోతకు ముందు రెండు పగళ్ళు ఆ తొట్టి మీద రెండో నెట్ వెయ్యండి, మొత్తం నీడ 75 శాతం అయ్యేలా. నైట్రేట్ నిండుగా ఉండి వెలుతురు తగ్గితే కణం నీలం పెంచుకుంటుంది. మూడో రోజుకు తొట్టి దాదాపు నల్లగా కనిపిస్తుంది. చిక్కదనం చూడటానికి కర్ర చివర తెల్ల బిళ్ళ బిగించి ముంచండి. రెండు సెంటీమీటర్లలోపే కనుమరుగైతే రంగుకు సరిపడా చిక్కగా ఉన్నట్టు. నాలుగు దాకా కనిపిస్తుంటే ఆ వారం కోత మానెయ్యండి. రెండు నెట్‌లు రోజుల తరబడి ఉంచొద్దు, పెరుగుదల పడిపోయి మొత్తం మీద నీలం కూడా తగ్గుతుంది.

కోత తెల్లవారుజామున, సూర్యుడు రాకముందే. రాత్రంతా నాచు తన పిండిపదార్థం కరిగించుకుంది కనుక ప్రొటీన్ వాటా అప్పుడే ఎక్కువ, నీళ్ళూ అప్పుడే చల్లన. 40 మైక్రాన్ల నైలాన్ గుడ్డ చాలు. వడగట్టిన నీళ్ళను తెల్ల బకెట్‌లో పట్టి చూడండి. లేత పసుపుగా ఉంటే అంతా సవ్యం. పచ్చగా ఉంటే దారాలు పొట్టివో తిన్ననివో అయ్యాయి, గుడ్డలోంచి జారుతున్నాయి, ఆ తొట్టికి నారు మార్చాలి. నీలంగా ఉంటే కణాలు తొట్టిలోనే పగులుతున్నాయి: వేడి, అమ్మోనియా, పంపు దెబ్బ, ఈ మూడింటిని ఆ వరుసలో అనుమానించండి. సెంట్రిఫ్యూగల్ పంపు స్పిరులినా దారాలను తుంపులు చేస్తుంది. ఎత్తు తేడాతో నీళ్ళు వాటంతటవే దిగేలా పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది, లేదంటే డయాఫ్రమ్ పంపు.

కడగడంలో చాలా నీలం పోతుంది. లీటరుకు పన్నెండు, పదిహేను గ్రాముల లవణాల్లో పెరిగిన కణం మీద ఉత్త ఆర్వో నీళ్ళు పోస్తే నీరు లోపలికి తోసుకెళ్ళి కణం ఉబ్బి పగులుతుంది. లీటరుకు 10 గ్రాముల ఉప్పు వేసి ఫ్రిజ్‌లో చల్లబరిచిన నీళ్ళతో, ముద్ద బరువుకు రెండింతలు మించకుండా, ఒక్కసారి కడగండి. కారే నీరు నీలం తిరగగానే ఆపేయండి. తర్వాత గుడ్డలో మూటగట్టి బరువు పెడితే 18 శాతం ఘనపదార్థమున్న ముద్ద మిగులుతుంది. 560 గ్రాముల ఎండు నాచుకు అది మూడు కిలోల పైచిలుకు.

ఇప్పుడు అసలు మలుపు. నీలం తీయడానికే అయితే ముద్దను ఆరబెట్టాల్సిన పనే లేదు. ఆరబెట్టడంలోనే, ఎంత జాగ్రత్తపడ్డా, చెప్పుకోదగ్గంత నీలం పోతుంది. జిప్ సంచుల్లో రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, కోసిన గంటలోపు మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణం గోడలు చీలుస్తాయి, అంటే రంగు తీసే మొదటి పని కూడా ఫ్రీజరే చేసి పెడుతుంది.

పొడిగా కొనే కొనుగోలుదారు ఉంటే మాత్రం ఎడారి గాలి మీకు వరం. జంతికల గొట్టంలో రెండు మిల్లీమీటర్ల బిళ్ళ వేసి నైలాన్ జాలీ మీద దారాలుగా ఒత్తండి. పొద్దు వాలాక, దుమ్ము రాని షెడ్‌లో, జాలీ కింద నుంచి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. హీటర్ అక్కర్లేదు. తెల్లారేసరికి వేళ్ళ మధ్య చిటుక్కున విరగాలి. వంగుతోందంటే తేమ ఉంది, నిల్వలో వాసన పట్టేస్తుంది. తీరప్రాంతంలో ఇది కుదరదు, అక్కడ డీహ్యుమిడిఫైయర్ గది కావాలి, 40 డిగ్రీల లోపు.

నీలం తీయడానికి కావలసింది పీహెచ్ 7 బఫర్, అంటే పీహెచ్ అటూ ఇటూ మారకుండా పట్టి ఉంచే ద్రావణం. లీటరు ఆర్వో నీళ్ళకు డైసోడియం ఫాస్ఫేట్ 8.2 గ్రాములు, మోనోసోడియం ఫాస్ఫేట్ 5.1 గ్రాములు, రెండూ నీరు కలవని రకం. గడ్డకట్టిన ముద్దను ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, మళ్ళీ గడ్డకట్టించి, మళ్ళీ కరిగించండి. రెండు విడతలు చాలు, మూడోది ఇచ్చేది స్వల్పం. మూడు కిలోల ముద్దకు తొమ్మిది లీటర్ల చల్లని బఫర్ పోసి, చెక్క గరిటెతో మెల్లగా కలిపి, పీహెచ్ చూడండి. ముద్దలో మిగిలిన కార్బొనేట్ వల్ల అది 8 దాకా ఎక్కి ఉండొచ్చు. సిట్రిక్ యాసిడ్ పలచని ద్రావణం చుక్కలుగా వేస్తూ 6.5కి దించండి. గబుక్కున పోయొద్దు, యాసిడ్ పడ్డచోట పీహెచ్ 5 కిందికి పోతే ప్రొటీన్ అక్కడికక్కడే పెరుగులా విరుగుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో, మూడు నాలుగుసార్లు కలుపుతూ ఉంచండి.

మురికి పచ్చ ఎందుకొస్తుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. క్లోరోఫిల్ నీళ్ళలో కరగదు. కనిపించే పచ్చ అంతా తేలాడుతున్న సన్నటి పొరల ముక్కలు. మిక్సీలో తిప్పితే ఆ పొరలు మరీ సన్నగా ముక్కలై అడుగుకు చేరవు, గుడ్డకు ఆగవు, చిన్న సెంట్రిఫ్యూజ్‌కూ లొంగవు. అందుకే గరిటె చాలంటున్నాను, మిక్సీ వద్దు. అప్పటికీ పచ్చ ఉంటే ఫాస్ఫేట్ బఫర్ బదులు లీటరుకు 10 గ్రాముల ఫుడ్ గ్రేడ్ కాల్షియం క్లోరైడ్ వేసిన నీళ్ళు వాడి చూడండి, పొరల ముక్కలు గుంపులు కట్టి దిగుతాయి. రెండూ కలపకండి, కాల్షియం ఫాస్ఫేట్ పాలలా తెల్లగా పడుతుంది. పైన తేరిన నీలాన్ని సైఫన్ గొట్టంతో తీసి, సెంట్రిఫ్యూజ్ ఉంటే అందులో తిప్పి, లేకుంటే ఐదు మైక్రాన్ల ఫిల్టరు దాటించండి.

రెండు రోజుల్లో వెలిసిపోవడానికి కారణాలు మూడు: గది వేడి, క్షారం, బాక్టీరియా. ప్రొటీన్ నీళ్ళు 30 డిగ్రీల గదిలో ఉంటే కుళ్ళకుండా ఉంటాయా? తీసిన రోజే పీహెచ్ 5.5 నుంచి 6 మధ్యకు తెచ్చి, లీటరుకు 300 నుంచి 400 గ్రాముల పంచదార కరిగించి, 4 డిగ్రీల్లో చీకట్లో ఉంచండి. పంచదార ప్రొటీన్‌ను వేడి నుంచి కాపాడుతుంది, బాక్టీరియానూ కొంత అడ్డుకుంటుంది. ట్రెహలోస్ అనే మరో చక్కెర కూడా పనిచేస్తుంది, ధర ఎక్కువ. ల్యాబ్ వాళ్ళు వాడే సోడియం అజైడ్ విషం, తినే రంగు దగ్గరికి దాన్ని రానివ్వకూడదు. నెలల నిల్వకు ఫ్రీజ్ డ్రైయింగ్ ఒక్కటే నమ్మదగ్గది, బయట చేయించుకోవచ్చు.

రంగు బతికే ఉందా అని చూడటానికి టార్చి చాలు. పలచన చేసిన నీలాన్ని గాజు గ్లాసులో పోసి, వెనక నల్ల గుడ్డ పెట్టి, పక్కనుంచి తెల్ల టార్చి వెయ్యండి. బతికున్న ఫైకోసయనిన్ నీలంలోంచి రక్తం రంగు ఎరుపు మెరుస్తుంది. నీలం కంటికి బాగానే ఉండి ఎరుపు మెరుపు మాత్రం లేదంటే ప్రొటీన్ విప్పుకుపోవడం మొదలైంది, ఆ సరుకు ఎన్నాళ్ళో ఆగదు.

అమ్మేటప్పుడు అంకె అడుగుతారు. దానికి ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో నాలుగు రీడింగులు తీయాలి: 615, 620, 652, 280 నానోమీటర్లు. 750 దగ్గర కూడా ఒకటి తీసి, ఆ మసక రీడింగును ఒక్కోదాంట్లోంచి తీసేయండి. 652 రీడింగును 0.474తో గుణించి, దాన్ని 615 రీడింగులోంచి తీసి, మిగిలినదాన్ని 5.34తో భాగిస్తే మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫైకోసయనినో వస్తుంది. ఉదాహరణకు గ్రాము పొడిని 100 మిల్లీలీటర్లలో నానబెట్టి, పదింతలు పలచన చేసి చూస్తే 615 దగ్గర 0.62, 652 దగ్గర 0.21 వచ్చాయనుకోండి. 0.0975 వస్తుంది, పదింతలు చేస్తే 0.975. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల పొడి వేశారు కనుక పొడిలో 9.75 శాతం నీలం ఉన్నట్టు. నీడ, నైట్రేట్ సరిగ్గా నడిపిన నాచులో 12 నుంచి 15 శాతం చూడాలి. ఇక స్వచ్ఛతకు 620 రీడింగును 280 రీడింగుతో భాగిస్తారు. 0.7 వస్తే ఆహారపు రంగుకు సరిపోతుంది. 3.9 పైన ఉండేది ల్యాబుల సరుకు, దానికి అమ్మోనియం సల్ఫేట్, క్రోమటోగ్రఫీ కావాలి. మీ స్థాయిలో ఆ జోలికి పోకండి.

అన్నీ సవ్యంగా జరిగితే మీకు దక్కేదెంత? నాలుగు తొట్ల నుంచి రోజుకు 560 గ్రాముల ఎండు నాచు, 12 శాతం లెక్కన 67 గ్రాముల నీలం, అందులో చేతికొచ్చేది మూడింట రెండు వంతులు, అంటే 45 గ్రాముల దాకా. షమాల్ అనే ఉత్తరపు గాలికి దుమ్ము రేగిన రోజులు, కోత మానిన రోజులు తీసేసి చూసుకోండి. దుమ్ము గాలి వస్తుందని తెలిసిన రోజు తొట్లు కప్పండి. దుమ్ముతో సున్నమూ వస్తుంది, నాచును తినే రోటిఫర్లనే సూక్ష్మజీవులూ వస్తాయి.

ఎవరికి అమ్ముతారో కూడా ఇప్పుడే ఆలోచించండి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పిరులినా నీలాన్ని 2013లో క్యాండీలు, చూయింగ్ గమ్‌లలోకి అనుమతించింది, తర్వాత మరికొన్నిటికి పెంచింది. ఐస్‌క్రీము, క్రీము, చక్కెర పూతల్లో ఇది చక్కగా నిలుస్తుంది. నిమ్మరసం తరహా పుల్లటి పానీయాల్లో విరిగి అడుగుకు దిగుతుంది, బేక్ చేసే వస్తువుల్లో వెలిసిపోతుంది. పులుపును తట్టుకునే నీలం గాల్డియేరియా అనే ఎర్ర నాచు నుంచి వస్తుంది, దాన్ని కూడా ఎఫ్‌డీఏ 2025 మేలో అనుమతించింది. అది ఆమ్లంలో పెరిగే జీవి, మీ తొట్లలో కుదరదు. కాబట్టి శీతలపానీయాల వాళ్ళ వెంట పడకుండా ముందు ఐస్‌క్రీము, స్వీట్ల వాళ్ళకు నమూనా ఇవ్వండి, నీలాన్ని సీసాలోనే గడ్డకట్టించి పంపండి.